చిన్న ఊళ్ల అమెరికా – 9: ఆస్టోరియా, కొలంబియా మొగ దగ్గరి ఊరు

కొలంబియా నది పసిఫిక్ మహాసముద్రంలో కలిసే చోట, దక్షిణపు ఒడ్డున, కొండవాలుని ఆనుకుని ఉంటుంది ఆస్టోరియా. ఆరెగాన్ రాష్ట్రానికి వాయవ్య మూల. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ తేలింది 10,181 మంది. అంతకు వందేళ్ల ముందు, 1920లో, 14,027 మంది ఉండేవారు. మన దగ్గర మండల కేంద్రానికి కూడా ఇంతకంటే ఎక్కువ జనం ఉంటారు.

ఈ ఊరికి పేరిచ్చిన కోటీశ్వరుడు ఈ ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. ఊరిని తమ రెక్కల మీద నిలబెట్టిన వాళ్లలో చాలామందికేమో ఇక్కడ ఓటు లేదు, పౌరసత్వం రాలేదు. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఆ రెండోవాళ్ల గురించి. మన స్వాతంత్ర్య పోరాటంలో ఒక ముఖ్య ఘట్టం వాళ్ల మధ్యే, వాళ్ల చేతుల మీదుగానే మొదలైంది. గదర్ పార్టీ అనగానే మనకి శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తొస్తుంది. దాని పురుడు మాత్రం ఆస్టోరియాలో జరిగింది.

ముందు ఆ మొగ సంగతి. వేగంగా వచ్చే నది, ఎదురొచ్చే సముద్రపు అలలు, రెంటి మధ్య చోటు మార్చుకుంటూ ఉండే ఇసుక మేటలు. 1792 మే నెలలో రాబర్ట్ గ్రే అనే అమెరికన్ నావికుడు తన ఓడని ఈ మొగ దాటించి లోపలికి తెచ్చాడు. ఓడ పేరు కొలంబియా రెడివివా. నదికి ఆ పేరే నిలిచింది. అప్పట్నుంచి ఈ చుట్టుపక్కల మునిగిన నావలు సుమారు 2,000 అని అంచనా. అందుకే ఈ తీరాన్ని పసిఫిక్ శ్మశానం అంటారు. నేటికీ పెద్ద ఓడ ఏది వచ్చినా ఈ మొగ గురించి క్షుణ్ణంగా తెలిసిన పైలట్ ఒకడు ఓడ ఎక్కి దాన్ని దాటించాల్సిందే. ఆ పైలట్ల వృత్తిలో సంపాదించిన జార్జ్ ఫ్లావెల్ 1880లలో కట్టించుకున్న గోపురపు ఇల్లు ఊళ్లో ఇప్పుడు మ్యూజియం.

1805 నవంబరులో అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల బృందం నేలమార్గాన ఖండాన్ని దాటి ఇక్కడికి చేరింది. చలికాలం ఎక్కడ గడపాలన్న ప్రశ్నకి అందరి అభిప్రాయమూ అడిగి రాసుకున్నారు. క్లార్క్ బానిస యార్క్‌నీ, షొషోనీ తెగకు చెందిన సకాజవియానీ కూడా అడిగారు. అలా కలపతో కట్టుకున్న కోటకి ఇక్కడి తెగ పేరునే ఫోర్ట్ క్లాట్సప్ అన్నారు. అక్కడ గడిపిన 106 రోజుల్లో వాన పడనివి 12 మాత్రమే.

ఊరికి పేరిచ్చిన ఆస్టర్ కథలోకి వద్దాం. జాన్ జాకబ్ ఆస్టర్ 1763లో జర్మనీలోని వాల్‌డార్ఫ్‌లో కసాయివాడి ఇంట పుట్టాడు. న్యూయార్క్ చేరి, జంతు చర్మాల వ్యాపారంలో గడించాడు. చైనాలో సముద్రపు నీటిపిల్లి చర్మానికి మంచి గిరాకీ. కొలంబియా మొగ దగ్గర స్థావరం పెట్టుకుంటే చర్మాలు నేరుగా కాంటన్‌కి పంపొచ్చని ఆయన ఎత్తు. 1810లో పసిఫిక్ ఫర్ కంపెనీ పెట్టి టాంక్విన్ అనే ఓడని పంపాడు. 1811 మార్చిలో మొగ దగ్గరికి వచ్చాక, దారి ఎక్కడుందో వెతకమని కెప్టెన్ జొనాథన్ థార్న్ తుపాను గాలిలోనే చిన్న పడవల్ని దింపించాడు. 8 మంది నీటిపాలయ్యారు. మిగిలినవాళ్లు ఒడ్డు చేరి ఏప్రిల్‌లో కోట పని మొదలుపెట్టారు. రాకీ పర్వతాలకి పడమట అమెరికన్లు పెట్టిన తొలి స్థిర నివాసాల్లో అది ముఖ్యమైనది. అంతలోనే బ్రిటన్‌తో 1812 యుద్ధం వచ్చింది. 1813లో కోటని కెనడా వాళ్ల నార్త్ వెస్ట్ కంపెనీకి అమ్మేశారు. పేరు ఫోర్ట్ జార్జ్ అయింది. తర్వాతి కాలంలో ఆస్టర్ తన సాహసం గురించి వాషింగ్టన్ ఇర్వింగ్ చేత పుస్తకం రాయించుకున్నాడు. అది 1836లో వచ్చింది. పేరు ‘ఆస్టోరియా’. కోట పోయినా పేరు బతికింది చాలావరకు ఆ పుస్తకం వల్లే.

కోట కట్టిన నేల ఎవరిది? మొగకి ఉత్తరాన చినూక్‌లు, దక్షిణాన క్లాట్సప్‌లు. చినూక్ పెద్ద కాంకమ్లీ తెల్లవాళ్లు రాకముందే నది మీది వర్తకాన్ని చేతిలో పెట్టుకున్నవాడు. ఆయన మనుషులు చెప్పిన లెక్కకే చేపలు, చర్మాలు చేతులు మారేవి. 1830 ప్రాంతంలో చలిజ్వరం నది పొడవునా ఊళ్లకి ఊళ్లని తుడిచిపెట్టేసింది. కాంకమ్లీ కూడా ఆ రోజుల్లోనే పోయాడు. మిగిలిన కొద్దిమందితో 1851 ఆగస్టులో టాన్సీ పాయింట్ దగ్గర ప్రభుత్వం ఒప్పందాలు రాయించుకుంది. వాటిని అమెరికా సెనేట్ ఆమోదించలేదు. నేల మాత్రం వలసదారుల పరమైంది. 2001లో చినూక్‌లని ఒక తెగగా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. మరుసటి ఏడాదే ఆ గుర్తింపుని వెనక్కి తీసుకుంది. ఈ ఊరి చరిత్రలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే. సంతకం పెట్టించుకున్నవాడు నేల ఉంచుకుని, కాగితాన్ని చెల్లదన్నాడు.

కాంకమ్లీ మనవడి గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకెళ్లలేను. రానాల్డ్ మెక్‌డొనాల్డ్ 1824లో ఈ కోటలోనే పుట్టాడు. తండ్రి స్కాట్లండ్ వర్తకుడు, తల్లి కాంకమ్లీ కూతురు. జపాన్ తలుపులు లోకానికి మూసుకుని ఉన్న 1848లో, తిమింగలాల వేటకి వెళ్లిన ఓడ నుంచి చిన్న పడవలో దిగి, ఓడ మునిగిపోయినవాడిలా జపాన్ ఉత్తరపు దీవిలో అడుగుపెట్టాడు. పట్టుకుని నాగసాకిలో బంధించారు. ఆ బందిఖానాలోనే 14 మంది జపాన్ దుబాసీలకి ఇంగ్లీషు నేర్పాడు. కొన్నేళ్లకి అమెరికా యుద్ధనౌకలు వచ్చి నిలబడినప్పుడు దుబాసీగా మాట్లాడిన మొరియామా ఆయన శిష్యుడే.

చర్మాల వ్యాపారం వచ్చినంత త్వరగానే పోయింది. ఊరిని ఊరుగా చేసింది చేప. గోదావరికి పులస ఎలా ఎదురెక్కి వస్తుందో, కొలంబియాలోకి చినూక్ సామన్ అలా సముద్రం విడిచి, తాను పుట్టిన ఏటి నీళ్లు వెతుక్కుంటూ వందల మైళ్లు పైకి వెళ్తుంది. 1866లో హ్యూమ్ సోదరులు, వాళ్ల భాగస్వామి హ్యాప్‌గుడ్ ఈ నది ఒడ్డున చేపల్ని డబ్బాల్లో నింపే తొలి క్యానరీ పెట్టారు. తర్వాత పదేళ్లు తిరక్కుండా ఆస్టోరియా రేవు పొడవునా క్యానరీలు వరుస కట్టాయి. 1883 నాటికి నది మీద 40కి దగ్గరగా క్యానరీలు, ఏడాదికి 6 లక్షల పైచిలుకు పెట్టెలు. ఒక్కో పెట్టెలో పౌను బరువు డబ్బాలు 48. వాటిలో ఎక్కువ భాగం ఓడలెక్కి ఇంగ్లండ్‌లో మిల్లు కూలీల బల్లల మీదికి చేరేది.

క్యానరీ అంటే నది నీళ్ల మీద గుంజలు పాతి, పైన చెక్కలు పరిచి కట్టిన పెద్ద కొట్టం. తెల్లవారుజామున పడవలు వచ్చి ఆగుతాయి. చేపల్ని ముళ్లకర్రతో పైకి విసురుతారు. బల్ల దగ్గర చైనా కోతగాడు నిలబడి ఉంటాడు. తల, తోక, రెక్కలు, పేగులు... ఒక చేప శుభ్రం కావడానికి నిమిషం కూడా పట్టదు. వ్యర్థమంతా నేలలోని కంత గుండా కింద నదిలోకి. పక్కన చేపని కడిగి జిగురు గీకేవాళ్లు, ఆ తర్వాత డబ్బా ఎత్తుకి సరిపడా ముక్కలు కోసేవాళ్లు, చిటికెడు ఉప్పు వేసి చేత్తో కూరేవాళ్లు, మూతకి టంకం పెట్టేవాళ్లు. డబ్బాలన్నీ ఒకసారి ఉడికాక మూతకి చిన్న రంధ్రం పొడిచి ఆవిరి వదిలేస్తారు. వెంటనే మళ్లీ టంకం, మళ్లీ ఉడకబెట్టడం. చివర్లో ఒకడు మేకు లాంటి ఇనుప పుల్లతో వరసగా మూతల మీద తడుతూ పోతాడు. చప్పుడు వినే అతను గాలి దూరిన డబ్బాని పక్కకి తీస్తాడు. ఆ చెవి తప్పితే తిన్నవాడి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ పనంతా చైనా మేస్త్రీల గుత్త. యజమాని పెట్టెకి ఇంతని మేస్త్రీతో మాట్లాడుకుంటాడు, మేస్త్రీ మనుషుల్ని తెస్తాడు, తిండీ బసా చూస్తాడు, సీజను చివర జీతం లెక్క కడతాడు. 1880 ప్రాంతంలో ఆస్టోరియా జనంలో దగ్గర దగ్గర మూడో వంతు చైనావాళ్లే. అయినా 1882లో చైనా కూలీల రాకని నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది. ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొత్తవాళ్లు రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సియాటిల్‌లో స్మిత్ అనే అతను చేపని కోసి శుభ్రం చేసే యంత్రం తయారుచేశాడు. ఎవరి పని తీసేసిందో వాళ్లనే కించపరిచే మాటని ఆ యంత్రానికి పేరుగా పెట్టి, ఇనుపరేకు మీద పోతపోసి మరీ అమ్మారు. మ్యూజియాల్లో ఆ రేకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ చైనా శ్రామికుల పేరిట ఊరి నడిబొడ్డున ఒక తోట వెలిసింది 2014లో.

క్యానరీలో చైనావాళ్లు ఉంటే, పడవల్లో ఫిన్లండ్‌వాళ్లు. పగలైతే వల చేపకి కనిపిస్తుంది కాబట్టి రాత్రిపూటే వేట. చిన్న తెరచాప పడవ, ఇద్దరు మనుషులు, నదికి అడ్డంగా వదిలిన పొడవాటి వల. పోటు పాట్లు తప్పి మొగవైపు కొట్టుకుపోతే తిరిగి రావడం అదృష్టం. 1896లో చేపకి పౌనుకి 5 సెంట్లు ఇవ్వాలని జాలర్లు సమ్మె కట్టారు. యజమానులు 4 కంటే కదలమన్నారు. రాష్ట్రం సైనికుల్ని దింపింది. సమ్మె వీగిపోయింది కానీ జాలర్లు ఊరుకోలేదు. తలా కొంత వేసుకుని సహకార పద్ధతిలో సొంత క్యానరీ పెట్టుకున్నారు. దాని పేరు మీదే ఊరి పడమటి పేట యూనియన్‌టౌన్ అయింది. అక్కడ ఆవిరి స్నానాల గదులు, ఫిన్నిష్ దుకాణాలు, ఫిన్నిష్ చర్చి, ఫిన్నిష్ సోషలిస్టు హాలు. చర్చికి వెళ్లేవాళ్లకీ హాలుకి వెళ్లేవాళ్లకీ పడేది కాదు. 1907 నుంచి ‘తోవెరి’ అనే సోషలిస్టు పత్రిక, 1911 నుంచి స్త్రీల కోసం ‘తోవెరితార్’ ఇక్కడే ఫిన్నిష్ భాషలో అచ్చయ్యేవి. ఇంత చిన్న ఊళ్లో స్త్రీల కోసం ప్రత్యేకంగా కార్మిక పత్రిక నడిచిందంటే ఆ పేట ఎలాంటిదో ఊహించుకోవచ్చు. వాళ్ల దేశం అప్పుడు రష్యా జార్ చక్రవర్తి కింద ఉంది. పరాయి పాలన అంటే ఏమిటో ఎవరూ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఊరికి తూర్పున హామండ్ సామిల్లు. 1898లో ఆస్టోరియాకి రైలు తెచ్చిన ఏ.బి. హామండ్‌దే అది. అక్కడ దుంగలు లాగడానికి, కోసిన బల్లలు పేర్చడానికి పంజాబీలు వచ్చారు. చాలామంది సిక్కు రైతుల బిడ్డలు, కొందరు బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. మిల్లు పక్కన వాళ్లుండే బసల వరసకి ఊరివాళ్లు ‘హిందూ సందు’ అని పేరు పెట్టారు. సిక్కైనా ముసల్మానైనా అమెరికన్ల నోట అప్పుడు ‘హిందూ’యే. సాయంత్రాలు కుస్తీ పోటీలు జరిగేవి. ఊరంతా చూడ్డానికి వచ్చేది.

ఆ చుట్టుపక్కల మిగతా ఊళ్లలో మనవాళ్ల పరిస్థితి వేరు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వందలమంది మూక బసల మీద పడి ఒక్క రాత్రిలో భారతీయులందర్నీ ఊరి నుంచి తరిమేసింది. 1910 మార్చిలో పోర్ట్‌లాండ్ పక్కనే సెయింట్ జాన్స్‌లో అదే జరిగింది. ఆస్టోరియాలో అలాంటి దాడి జరగలేదు. మిల్లుకి వాళ్ల పని కావాలి, యూనియన్‌టౌన్‌లో సభలకి హాలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. అవమానం నిత్యం తెలుస్తూనే ఉన్నా, కూర్చుని మాట్లాడుకోవడానికి నిలువ నీడ దొరికింది. ఏ ఉద్యమానికైనా ముందుగా కావలసింది అదే కదా.

1912 నుంచీ కొలంబియా నది వెంబడి మిల్లు ఊళ్లలో పంజాబీ కార్మికులు సమావేశాలు పెట్టుకుంటున్నారు. పోర్ట్‌లాండ్ దగ్గర మిల్లులో పనిచేసే సోహన్ సింగ్ భక్నా, కాంట్రాక్టరు పండిట్ కాన్షీరామ్ అందులో ముందున్నవాళ్లు. కాలిఫోర్నియా నుంచి లాలా హర్‌దయాళ్‌ని పిలిపించారు. 1913లో ఆస్టోరియాలో పెద్ద సభ జరిగింది. పసిఫిక్ తీర హిందుస్తానీ సంఘం ఏర్పడింది. భక్నా అధ్యక్షుడు, హర్‌దయాళ్ ప్రధాన కార్యదర్శి, కాన్షీరామ్ కోశాధికారి. ఆస్టోరియాలోనే ఉండే కేసర్ సింగ్ ఠఠ్‌గఢ్ ఉపాధ్యక్షుడు. ఫిన్నిష్ సోషలిస్టు హాల్లో హర్‌దయాళ్ భారతదేశం గురించి ఉపన్యసించాడు. జార్ మీద కోపంతో వచ్చినవాళ్ల హాల్లో, బ్రిటిష్ రాజు మీద కోపంతో ఉన్నవాళ్లు కూర్చున్న ఆ సాయంత్రం నాకు ఆస్టర్ కోటకంటే ఎన్నో రెట్లు గొప్పదిగా అనిపిస్తుంది.

పత్రిక పెట్టాలనీ, కార్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండాలనీ తీర్మానించారు. 1913 నవంబరు 1న ‘గదర్’ తొలి సంచిక ఉర్దూలో వచ్చింది. సంఘాన్ని జనం పత్రిక పేరుతోనే పిలవడం మొదలైంది. ఖర్చంతా రోజుకూలీల జేబుల్లోంచి వచ్చిందే. 1914లో యుద్ధం మొదలవగానే, బ్రిటిష్ సైన్యంలో తిరుగుబాటు లేపాలని వందలమంది పనులు వదిలేసి ఓడలెక్కారు. ఆస్టోరియా మనుషులూ వాళ్లలో ఉన్నారు. పథకం ముందే పొక్కింది. కాన్షీరామ్‌ని 1915 మార్చిలో ఉరి తీశారు. పందొమ్మిదేళ్ల కర్తార్ సింగ్ సరాభాని అదే ఏడాది నవంబరులో లాహోర్ జైల్లో ఉరి తీశారు. భక్నా, కేసర్ సింగ్ అండమాన్ జైలుకి వెళ్లారు. ఈ పార్టీలో మన తెలుగువాడూ ఉన్నాడు. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోసం అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య గదర్‌లో చేరి, జైలు శిక్ష అనుభవించి వచ్చాడు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ తెలుగు ఇళ్లలో ఇప్పుడున్నంత అరుదుగా ఉండాల్సిన పుస్తకం కాదు.

ఆస్టోరియాకి 1922 గడ్డు సంవత్సరం. సెప్టెంబరులో హామండ్ మిల్లు కాలిపోయింది. మళ్లీ కట్టలేదు. పంజాబీలు తలోదిక్కూ వెళ్లిపోయారు. నవంబరు ఎన్నికల్లో కూ క్లక్స్ క్లాన్ బలపరిచినవాళ్లు పురపాలక సంఘంలో గెలిచారు. కాథలిక్కులు, పరదేశీయులు, ఎర్రజెండా ఫిన్నులు వాళ్లకి శత్రువులు. డిసెంబరు 8న తెల్లవారుజామున రెండింటి వేళ ఊరి మధ్యలో నిప్పు పుట్టింది. అప్పటి బజారంతా నది బురద మీద గుంజలు పాతి కట్టినదే. వీధులు కూడా చెక్క పలకలే. మంట పైన కనబడేలోపే కింద గుంజల మధ్య గాలి సందుల్లోంచి పరిగెత్తింది. ఆ పలకల కిందే వేలాడదీసిన నీటి గొట్టాలు విరిగిపడ్డాయి. డైనమైట్‌తో భవనాల్ని పేల్చి దారి కట్టేయాలని చూశారు. తెల్లారేసరికి సుమారు 30 బ్లాకుల వ్యాపార కేంద్రం బూడిద. ఈసారి కాంక్రీటు గోడలు లేపి, నదిలో తవ్విన ఇసుకతో వీధుల్ని పూడ్చారు. నడకబాటల కింద మాత్రం బోలుగా వదిలేశారు. వెలుతురు కోసం బాటలో అమర్చిన గాజుబిళ్లలు కాలక్రమాన ఊదారంగుకి తిరిగి ఇప్పటికీ కాళ్లకింద కనిపిస్తాయి.

ఆ మరుసటి ఏడాది, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు యువకుడు ఆస్టోరియా మిల్లులో పనిచేస్తూ చదువుకున్నవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. ఆరెగాన్ కోర్టు అతనికి పౌరసత్వం ఇచ్చింది. నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి నీకు పౌరసత్వం చెల్లదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పుతో అంతకుముందే పౌరులైన భారతీయుల్లో చాలామంది కాగితాలు కూడా రద్దయ్యాయి. 1946లో చట్టం మారేదాకా మనవాళ్లకి ఆ తలుపు తెరుచుకోలేదు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇప్పుడు పౌరసత్వ ప్రమాణం చేస్తున్న తెలుగువాళ్ల వెనక ఈ కథ ఉంది.

1926లో ఊరి మీది కొండపై 125 అడుగుల స్తంభం కట్టారు. డబ్బు పెట్టింది ఒక రైల్వే కంపెనీ, ఆస్టర్ మునిమనవడి కొడుకు విన్సెంట్ ఆస్టర్. ఇటలీ చిత్రకారుడు అత్తీలియో పుస్తెర్లా దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే బొమ్మల్లో ఊరి కథ గీశాడు. 164 మెట్లు ఎక్కితే మొగ దాకా కనిపిస్తుంది. ఆ బొమ్మల కథ రైలు రాకతో ఆగిపోతుంది. ఫిన్నిష్ హాలు సభకి అందులో చోటు లేదు. గదర్ సభ జరిగిన సంగతిని ఊరు బహిరంగంగా గుర్తుచేసుకుని ఫలకం పెట్టింది వందేళ్లు నిండిన 2013లో.

మిగతాది త్వరగా చెప్పేయొచ్చు. 1966లో నదిపై 4 మైళ్ల పైచిలుకు వంతెన వచ్చి, పడవ దాటింపు ఆగిపోయింది. 1980లో ఊళ్లో ఆఖరి పెద్ద క్యానరీ మూతపడింది. ఇక్కడ తీసిన ‘ది గూనీస్’ సినిమా 1985లో విడుదలయ్యాక పర్యాటకులు పెరిగారు. పాత జైలు సినిమా మ్యూజియం అయింది, 1875 నాటి క్యానరీ కొట్టంలో మరో మ్యూజియం వెలిసింది. యూనియన్‌టౌన్‌లో ఫిన్నుల సువోమి హాలు వంతెన నీడలో ఇంకా నిలిచే ఉంది. 1998 నుంచి ప్రతి ఫిబ్రవరిలోనూ, వేట లేని రోజుల్లో, చేపల వృత్తిలో ఉన్న ఆడా మగా ఆస్టోరియాలో కూడి తాము రాసిన కవితలు తామే చదువుతారు.

చేప ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మిగిలింది. క్యానరీల అత్యాశ ఒక కారణం. నది మీద లేచిన ఆనకట్టలు ఇంకో కారణం. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీకి చేప ఎక్కే మెట్లే కట్టలేదు. దానికి పైనున్న వందల మైళ్ల నదికి సామన్ రాక శాశ్వతంగా తెగిపోయింది. వచ్చే భాగంలో ఇదే నది వెంట సుమారు 190 మైళ్లు ఎగువకి వెళ్దాం. అక్కడ సెలిలో జలపాతం దగ్గర వేల ఏళ్లుగా చేపలు పట్టిన ఊరు 1957 మార్చి 10న, డాల్స్ ఆనకట్ట గేట్లు మూసిన కొద్ది గంటల్లో, నీట మునిగింది.